బంగాళాదుంపతో వెలిగిన బల్బు

ఆ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పిల్లలు లెక్చరర్ కన్నా ల్యాబ్ అసిస్టెంటుకే ఎక్కువ భయపడేవారు. మార్కులు వేసేది ఆవిడ కాదు. ఆవిడ పనల్లా బీరువా తాళం తీసి మీటర్లు ఇవ్వడం, గంటయ్యాక తీగలు లెక్కపెట్టుకుని తిరిగి తీసుకోవడం, మధ్యలో ఎవడైనా ఫ్యూజు ఎగరగొడితే కొత్తది వెయ్యడం. కానీ ఆ మధ్యలోనే అడుగుల చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చి నిలబడేది. నిరుటి రికార్డు చూసి అంకెలు దించుకుంటున్నవాడి పుస్తకం మీద ఒక వేలు వచ్చి వాలేది.

"ఇది ఎవరి రీడింగు నాన్నా?"

"నాదే మేడమ్."

"నీ మీటరు ముల్లేమో సున్నా మీద పడుకుని గుర్రుపెడుతోంది. నీకేమో రెండు పాయింట్ నాలుగు వచ్చింది. కల్లోకి వచ్చిందా?"

చుట్టుపక్కల బల్లల దగ్గర కిసుక్కున నవ్వులు. వాడి చెవులు ఎర్రబడేవి.

"రావట్లేదు మేడమ్. పొద్దున్నుంచీ తిప్పుతూనే ఉన్నా."

"రాకపోతే రాలేదని రాయి."

"అలా రాస్తే సారు తిడతారు."

"ల్యాబ్ మేడమ్ రాయమంది అని చెప్పు. తిట్టేదేదో నన్ను తిట్టమను."

అలా పిల్లలు ఆవిడకి 'రాలేదమ్మ' అని పేరు పెట్టుకున్నారు. చాటుగా అనుకునేవారు గానీ ఆవిడకి తెలుసు. తెలిసినా ఏమీ అనుకునేది కాదు. అంతకుముందు తనకి ఇంకో పేరు ఉండేదని, అది చాలా ముద్దుపేరని ఆ కాలేజీలో ఒక్కరికీ తెలియదు. ఇంట్లో మొగుడికీ తెలియదు.

ఆ పేరుతో ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆవిడ ల్యాబులోనే కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీస్తోంది.

"హలో... ఉత్తరాలక్క గారేనా అండీ?"

డబ్బా మూత చేతిలోంచి జారి నేల మీద గిరగిరా తిరిగింది. ఆవిడ దాన్ని కాలితో ఆపింది.

"ఎవరు మీరు?"

"అయ్యో, దొరికారా! అక్కా, నేను మీకు తెలీదు. కళ్ళజోళ్ళ షాపు నాది. ఈ ఊళ్ళో ఉన్న కాలేజీలన్నిటికీ ఫోన్ చేశానక్కా, మీది తొమ్మిదోది. మీరేదో ఫిజిక్స్ ల్యాబులో చేరారని టోపీ బాబాయ్ చెప్పారు."

టోపీ బాబాయ్. ఆ రెండు మాటలతో ఇరవై రెండేళ్ళు వెనక్కి వెళ్ళి పడింది ఆవిడ.

రెండు వేల రెండో సంవత్సరంలో 'అదెలా బాబాయ్?' అని టీవీలో టోపీ బాబాయ్ నడిపే పిల్లల సైన్సు కార్యక్రమం ఒకటి వచ్చేది. ఆదివారం పొద్దున్న ఏడున్నరకి, అంటే పిల్లలు ఇంకా ముసుగు తన్ని పడుకునే వేళకి. ఇరవై ఆరు వారాలు వచ్చి ఆగిపోయింది. దాని చోట్లోకి పాటల పోటీ వచ్చింది. ఎందుకు ఆగిందని ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆ పేరు చెబితే పదిమందిలో తొమ్మిదిమంది "అలాంటిదొకటి వచ్చేదా?" అంటారు. ఆ పదోవాడు ఈ కళ్ళజోళ్ళ కుర్రాడు. వాళ్ళ నాన్న క్యాసెట్లలో రికార్డు చేసి పెట్టిన పదకొండు భాగాలు అటక మీద దొరికితే, బూజు దులిపి, ఎవరి చేతో కంప్యూటర్లోకి ఎక్కించి ఇంటర్నెట్లో పెట్టాడు. ఒక్కోదాన్ని నలభై మందో యాభై మందో చూశారట. దానికే వాడు పొంగిపోతున్నాడు.

"లైబ్రరీ పైన హాలు తీసుకున్నామక్కా. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి. అప్పట్లో చూసినవాళ్ళందరం మా పిల్లల్ని తీసుకుని వస్తున్నాం. బాబాయ్ ఒప్పుకున్నారు. మీరూ వచ్చి బాబాయ్‌తో కలిసి ఆ బంగాళాదుంప దీపం మళ్ళీ ఒక్కసారి వెలిగిస్తే చాలు. పోస్టర్ కూడా వేయించేశాను."

"వద్దు," అంది ఆవిడ.

"అలా అనకండక్కా. అది మా ఇంట్లో ఎన్నిసార్లు చేశానో! వెలగలేదు. మా అన్నయ్య ఇప్పటికీ వెక్కిరిస్తాడు. మీ చేతుల మీదుగా వెలిగితే నా కళ్ళతో చూడాలని."

"తమ్ముడూ, అది వెలగదు."

"మాలాంటి వాళ్ళు చేస్తే వెలగదక్కా! అందుకేగా మిమ్మల్ని రమ్మంటోంది!" అని వాడు హాయిగా నవ్వాడు. ఆవిడ మళ్ళీ చెప్పబోయింది. నోరు తెరిచింది కూడా. "సరే, చూద్దాం" అని మాత్రం వచ్చింది.

ఆవిడ చేసిన పని ఇది.

అప్పటికి డిగ్రీ అయి ఏడాది. ఇరవై మూడేళ్ళు. ఫిజిక్స్ చదివిన పిల్ల చవగ్గా దొరికిందని డైరెక్టర్ గారు పనిలో పెట్టుకున్నారు. బల్ల మీదకి కావలసిన సామాను సర్దడం, పిల్లలు రాసిన ఉత్తరాలకి జవాబులు రాయడం, ఈ రెండూ ఆవిడ పని. జవాబు కింద 'మీ ఉత్తరాలక్క' అని సంతకం. స్టూడియో పూటకింతని అద్దె. ఒక్క పూటలో నాలుగు భాగాలు తియ్యాలి. ఆ తొందరలో డైరెక్టర్ గారికి ఒక పద్ధతి ఉండేది. బల్ల మీద ఏం జరగబోతోందో బాబాయ్‌కి ముందు చెప్పేవారు కాదు. "ఆయన మొహంలో ఆశ్చర్యం నిజంగా రావాలమ్మా. తెలిస్తే రాదు" అనేవారు. అది బాగానే పనిచేసింది. సీసాలోకి గుడ్డు సర్రున జారిపోయినప్పుడు బాబాయ్ అదిరిపడి టోపీ పడేసుకున్న ముక్క చూసి స్టూడియోలో వాళ్ళే చప్పట్లు కొట్టారు.

తొమ్మిదో భాగం బంగాళాదుంపది. డైరెక్టర్ గారు ఏదో పుస్తకంలో చూశారు. దుంపకి ఒక పక్క జింకు పూత ఉన్న మేకు, ఇంకో పక్క రాగి తీగ గుచ్చితే కరెంటు పుడుతుంది. అది అబద్ధం కాదు. కానీ ఆ కరెంటు ఎంతని? ఆవిడ ముందురోజే కొలిచింది. రెండు దుంపలు కలిపినా టార్చి బల్బుకి కావలసినదాంట్లో వందో వంతు కూడా లేదు. కాగితం మీద లెక్క వేసి చూపించింది.

"సార్, టార్చి బల్బు వెలగాలంటే వెయ్యికి పైగా దుంపలు కావాలి. చిన్న ఎర్ర ఎల్ఈడీ అయితే నాలుగు దుంపలతో మినుకుమంటుంది."

"మినుకుమంటే ఈ లైట్లలో కెమెరాకి కనపడుతుందా?"

"కనపడదు సార్."

"మరి?" అన్నారాయన గడియారం చూసుకుంటూ. "ఏదో ఒకటి చెయ్యమ్మా. సైన్సు చదివావు కదా."

ఏదో ఒకటి చేసింది. ఆయన ఎలా చెయ్యాలో చెప్పలేదు. ఆలోచన ఆవిడదే. దుంపని రెండు చెక్కలు చేసి, లోపల స్పూనుతో తవ్వి, పెన్ను లావున్న బ్యాటరీ ఒకటి ఇరికించింది. ఒక కొసకి మేకు, ఇంకో కొసకి రాగి తీగ తగిలేలా చూసి, రెండు చెక్కల్నీ పుల్లలతో బిగించి, అతుకు మీద కాస్త మట్టి రుద్దింది. రెండో దుంపా అంతే. ఇరవై నిమిషాల పని. చేసినంతసేపూ భలే తెలివైన పని చేస్తున్నానని ముచ్చటపడింది కూడా. తర్వాత్తర్వాత ఎక్కువ సిగ్గుపడింది ఆ ముచ్చటకే.

బల్బు వెలిగింది. బాబాయ్ కళ్ళు ఇంతింత చేసి, "ఒరేయ్ పిల్లలూ, నా కళ్ళని నేనే నమ్మలేకపోతున్నాను! ఇంట్లో చేసి చూడండి! వెలక్కపోతే మళ్ళీ చెయ్యండి!" అన్నాడు. ఆయన ఆ మాటలు మనస్ఫూర్తిగా అన్నాడు.

పది రోజులకి ఉత్తరాలు మొదలయ్యాయి. మామూలుగా వారానికి ఇరవై వచ్చేవి, ఆ దుంప మీదే మొత్తం మూడు వందల పైన వచ్చాయి. అన్నిట్లోనూ ఒకటే. అక్కా, మాది వెలగలేదు.

ఆవిడ జవాబులు రాసింది. మేకు తుప్పు పట్టి ఉంటుంది, గీకి మళ్ళీ చెయ్యి. దుంప పాతదై ఉంటుంది, కొత్తది తీసుకో. తీగ లోతుగా గుచ్చలేదేమో. ఓపిక కావాలి తమ్ముడూ. శ్రద్ధ కావాలి చెల్లీ. ఒక్కో కార్డూ విడిగా, గుండ్రటి అక్షరాలతో రాసింది. అక్క స్వయంగా రాసిందని పిల్లలు మురిసిపోవాలని.

వాళ్ళలో ఒక పాప ఐదుసార్లు రాసింది. అక్క చెప్పినవన్నీ చేసింది. మేకు గీకింది, గరుకు కాగితంతో మళ్ళీ గీకింది, దుంపలు మార్చింది, తీగ మార్చింది. ఐదో ఉత్తరం గీతల కాగితం మీద పెన్సిలుతో ఉంది. 'అక్కా, బల్బు వెలగదు, టీవీ వాళ్ళు అబద్ధం చెప్పారు అని మా అన్నయ్య అన్నాడు. అక్క అబద్ధం చెప్పదు అని నేను దెబ్బలాడాను. నాకే చెయ్యడం రాదు. నేను సైన్సుకి పనికిరాను. ఇంక రాసి మీకు శ్రమ ఇవ్వను.'

దానికి ఆవిడ జవాబు రాయలేదు. రేపు రాద్దామనుకుని దొంతర అడుగున పెట్టింది. ఆ రేపు రాకముందే కార్యక్రమం ఆగిపోయింది, సంచులన్నీ పాత కాగితాలవాడు మోసుకుపోయాడు. పాప ఊరూ చిరునామా గుర్తు పెట్టుకోవాలన్న ఆలోచన కూడా అప్పుడు రాలేదు. డైరెక్టర్ గారు పోయి పదేళ్ళు దాటింది. తప్పు ఆయన మీదకి నెట్టేద్దామని చాలాసార్లు చూసింది గానీ, ఆ గుండ్రటి అక్షరాలు ఆయనవి కావు.

ఫోన్ వచ్చిన రోజు ఇంటికి వెళ్ళాక మొగుడికి చెప్పేసింది. ఆయన కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. ముందు గదిలో చాప మీద ఒక మిషను పొట్ట విప్పి పెట్టుకుని, నోట్లో స్క్రూ పట్టుకుని విన్నాడు. విని, స్క్రూ తీసి పక్కన పెట్టి, పడీ పడీ నవ్వాడు.

"దుంపలో బ్యాటరీ పెట్టావా! నువ్వా! కూరగాయల దగ్గర కొసరు కూడా అడగవు కదే!"

"నవ్వకండి."

"లేకపోతే ఏడవనా? ఎవరి ఇల్లు కూల్చావు, ఎవరి కాపురం చెడగొట్టావు? పిల్లలు నాలుగు రోజులు ఆడుకుని మర్చిపోయి ఉంటారు."

"మర్చిపోలేదు. ఆ కుర్రాడు చెప్పాడుగా."

"వాడికి లేని బాధ నీకెందుకు? వెళ్ళు, ఇంకోసారి బ్యాటరీ పెట్టు, అందరూ చప్పట్లు కొడతారు, టీ తాగి రా."

ఆయన మంచివాడు. బాధ తగ్గించాలనే అన్నాడు. కానీ ఆయన దాన్ని చిన్నది చేసినకొద్దీ ఆవిడకి అది పెద్దదైపోయింది. ఇంత చిన్నది అప్పుడే ఒప్పుకుంటే పోయేది కదా అనిపించింది.

కనీసం బాబాయ్‌కి ముందుగా చెప్పాలని గురువారం ఆయన ఇంటికి వెళ్ళింది. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కూతురూ అల్లుడూ పనికి వెళితే ఆయనా తొమ్మిదేళ్ళ మనవరాలూ ఉంటారు. డెబ్భై దాటాయి ఆయనకి. మెట్లెక్కి వచ్చిన మనిషిని కళ్ళు చికిలించి చూసి, ఒక్కసారిగా రెండు చేతులూ చాపాడు.

"ఓసి నా సామాన్ల పిల్లా! ఎంత లావయ్యావే!"

"మీరు మాత్రం అలాగే ఉన్నారు బాబాయ్."

"అబద్ధాలాడకు. టోపీ తీస్తే భయపడి పారిపోతావు."

ఆవిడ నవ్వింది. చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. ఆయన టీ పెట్టాడు, బిస్కెట్లు వెతికాడు, నాటకాల ఫోటోలు దించాడు. ముప్పై ఏళ్ళు స్టేజీ మీద ఎన్ని వేషాలు వేసినా, వీధిలో ఎవరూ గుర్తుపట్టింది లేదట. ఆ ఇరవై ఆరు వారాలే తనని జనం 'బాబాయ్' అన్నారట.

"ఆ దుంప దీపం మాత్రం ఎక్కడికెళ్ళినా చెబుతానమ్మా. పార్కులో ముసలాళ్ళకి కూడా చెప్పాను. ఎవడూ నమ్మడు. నా కళ్ళతో చూశానురా, నా చేత్తో పట్టుకున్నానురా అంటాను."

ఆవిడ బిస్కెట్ ఒకటి తీసుకుంది.

"ఇదిగో, ఇది కూడా చేసింది మొన్న బడికని," అని గుమ్మం దగ్గర నిలబడ్డ మనవరాలిని చూపించాడు. "వెలిగితేనా! రెండు రోజులు కూర్చుంది. ఉన్న దుంపలన్నిటికీ బొక్కలు పెట్టింది. చేతకాని మొద్దు. శ్రద్ధ ఉంటేగా? అక్క వస్తోంది, ఆదివారం చూసి నేర్చుకోవే అన్నాను."

పిల్ల గుమ్మం చెక్కని గోటితో గీకుతూ, "నేను సరిగ్గానే చేశా," అంది చిన్నగా.

"సరిగ్గా చేస్తే వెలిగేదిగా?" అన్నాడు తాత.

'శ్రద్ధ' అన్న మాట విని ఆవిడకి ముఖాన చల్లటి నీళ్ళు కొట్టినట్టయింది. అది తన మాట. తన కార్డుల మీది మాట. అప్పుడే చెప్పాల్సింది. పిల్ల అక్కడే ఉంది, తాత అక్కడే ఉన్నాడు, బయటివాళ్ళు ఒక్కరు లేరు. చేతిలోని బిస్కెట్ నోట్లో పెట్టుకుంది. "వస్తాను బాబాయ్, బస్సు దొరకదు" అని లేచింది. గబగబా మెట్లు దిగింది. నలభై అయిదేళ్ళదాన్ని, ఒక పసిపిల్లని మొద్దు అంటుంటే విని బిస్కెట్ తిని వచ్చాను అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని సంచి సర్దుకుంది. నాలుగు మామూలు దుంపలు, మేకులు, రాగి తీగ, ఎర్ర ఎల్ఈడీ, ల్యాబు నుంచి అడిగి తెచ్చిన మీటరు. ఉన్నదున్నట్టు చేసి చూపించి, ఉన్నదున్నట్టు చెప్పడానికి. అవన్నీ సర్దాక ఇంకో రెండు దుంపలు తీసుకుని, చెక్కలు చేసి, స్పూనుతో తవ్వడం మొదలుపెట్టింది. ఎందుకు చేస్తున్నావని తనని తాను అడగలేదు. అవసరపడతాయేమో అనుకుంది. చేతులకి అంతా గుర్తుంది. ఈసారి పదిహేను నిమిషాల్లో అయిపోయింది.

హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, నలభై మంది పిల్లలు, వాళ్ళ వెనక ముప్పైల్లో ఉన్న అమ్మలూ నాన్నలూ. కళ్ళజోళ్ళ కుర్రాడు చెమటలు కక్కుతూ మైకు సర్దుతున్నాడు. బాబాయ్ కొత్త టోపీ పెట్టుకుని వచ్చాడు. ఆయన స్టేజీ ఎక్కి పాత గొంతుతో "ఏరా పిల్లలూ!" అనగానే వెనక వరసల్లో పెద్దవాళ్ళు "అదెలా బాబాయ్?" అని అరిచారు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఆయన మొహం చూస్తే పదేళ్ళు తగ్గినట్టుంది. మనవరాలు మొదటి వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఇదిగో, మీ ఉత్తరాలక్క! ఇన్నాళ్ళూ అక్షరాల్లోనే చూశారు, ఇప్పుడు మనిషిని చూడండి!"

చప్పట్లు. ఆవిడ బల్ల దగ్గరికి వచ్చింది. సంచిలో చెయ్యి పెట్టింది. మామూలు దుంపలు పైనే ఉన్నాయి, వేళ్ళకి తగిలాయి. చెయ్యి వాటిని పక్కకి తోసి అడుగుకి పోయింది.

తవ్విన దుంపల్ని బల్ల మీద పెట్టింది. తీగలు కలిపింది. బల్బు తగిలించింది. వెలిగింది.

హాలంతా ఈలలు. కళ్ళజోళ్ళ కుర్రాడు ఫోను పైకెత్తి పట్టుకుని, "అన్నయ్యా, చూడరా, వెలిగిందిరా!" అని అందులోకి అరుస్తున్నాడు. బాబాయ్ కళ్ళు ఇంతింత చేశాడు. అప్పటి ఆశ్చర్యమే, ఏమీ అరగలేదు. ముందుకి వంగి మనవరాలితో అన్నాడు.

"చూశావుటే? చెయ్యాల్సినవాళ్ళు చేస్తే వెలుగుతుంది!"

పిల్ల బల్బుని చూడలేదు. తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, ఒకసారి తిప్పి అరచేతులు చూసుకుంది.

"ఆగండి," అంది ఆవిడ.

మైకు దూరంగా ఉంది. ఎవరికీ వినపడలేదు. దుంప తీసుకుని రెండు చేతులతో పట్టి లాగింది. పుల్లలు పటుక్కున విరిగాయి. బ్యాటరీ బల్ల మీద పడి, దొర్లి, నేల మీద టక్కుమంది. బల్బు ఆరిపోయింది.

చప్పట్లు ఒక్కసారిగా ఆగలేదు. ముందు వరసల్లో ఆగాయి, వెనక వరసల్లో ఇంకా కొడుతున్నారు, తర్వాత అక్కడా ఆగాయి.

"ఇది దుంపతో వెలగలేదు," అంది గట్టిగా. "అప్పుడూ వెలగలేదు. నేనే బ్యాటరీ పెట్టాను. టార్చి బల్బు రెండు దుంపలతో వెలగదు. ఎవరు చేసినా వెలగదు. మీరందరూ సరిగ్గానే చేశారు. మీది తప్పని మీకు నేనే రాశాను. తెలిసే రాశాను."

"తాతయ్యా!" అని మనవరాలు కుర్చీ మీదకెక్కి అరిచింది. "విన్నావా! నేను సరిగ్గానే చేశా! నువ్వే మొద్దు!"

పిల్లలంతా గొల్లుమన్నారు. వాళ్ళకి ఇంతకన్నా మంచి గారడీ లేదు. వెనక నుంచి ఒకాయన లేచి, "బాగుందండీ! మా నాన్న టార్చి విప్పి బల్బు పాడుచేశానని వీపు చిట్లగొట్టించుకున్నాను. ఆ దెబ్బలు ఎవరికిమ్మంటారు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, చివర్లో నవ్వు లేదు. ఒకావిడ మాట్లాడకుండా కూతురి చెయ్యి పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. కుర్రాడు ఫోను దించేశాడు. అవతల అన్నయ్య ఇంకా లైన్లోనే ఉన్నాడేమో, నవ్వు సన్నగా వినపడుతోంది.

ఆవిడ మామూలు దుంపలు తీసి ఎల్ఈడీ తగిలించింది. ఎర్రగా మినుకుమంది. కిటికీల్లోంచి ఎండ పడుతోంది, మొదటి వరసకి తప్ప ఎవరికీ కనపడలేదు. ఇద్దరు ముగ్గురు పిల్లలు దగ్గరికి వచ్చి చూసి, "ఇంతేనా?" అని వెళ్ళిపోయారు.

బాబాయ్ వంగి కుర్చీ కిందకి దొర్లిన బ్యాటరీ తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. బల్ల మీద పెట్టి, మైకు తీసుకుని, తర్వాతి అంశం టోపీలో కాగితాల ఆట అని చెప్పాడు.

తిరిగి వెళ్ళేటప్పుడు ముగ్గురూ ఒకే బస్సెక్కాల్సి వచ్చింది. ఇద్దరు పట్టే సీట్లో ఆయన కిటికీ పక్కన, ఆవిడ ఇటు. మనవరాలు ముందు సీట్లో మోకాళ్ళ మీద కూర్చుని, వెనక్కి తిరిగి వీళ్ళిద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. మూడు స్టాపులు దాటాయి.

"గురువారం ఇంటికొచ్చావు," అన్నాడు చివరికి, బయటికే చూస్తూ.

"చెబుదామనే వచ్చాను బాబాయ్."

"టీ తాగి వెళ్ళావు."

ఆయన టోపీ సర్దుకున్నాడు.

"సీసాలో గుడ్డు?"

"నిజమే బాబాయ్."

"సబ్బు ముక్కతో పరిగెత్తే పడవ?"

"నిజం."

"చిక్కుడు మొలక, పెట్టెలో వెలుతురు వెతుక్కుంటూ వంకర తిరిగి బయటికొచ్చింది, అది?"

"అది మూడు వారాలు మా ఇంట్లో పెంచాను. నిజమే."

"సుద్దగీత దాటని చీమలు?"

"దాటాయి. చాలా దాటాయి. దాటనప్పటి ముక్క ఒక్కటే ఉంచారు."

"దుంపతో కలిపి ఐదయ్యాయి," అంది పిల్ల, వేలు మడిచి.

"నువ్వు ఊరుకోవే," అన్నాడాయన. మళ్ళీ అడిగాడు. ఒక్కొక్కటే అడిగాడు. ఆవిడ ఒక్కొక్కటే చెప్పింది. చాలావరకు నిజాలే. అయినా ఆయన నిజమని విన్నప్పుడు ఊపిరి వదల్లేదు. కాదని విన్నప్పుడు తల ఊపాడు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"డైరెక్టర్ గారు వద్దన్నారు. తెలిస్తే మీ మొహంలో ఆశ్చర్యం నిజంగా రాదని."

ఆయన అప్పుడు ఇటు తిరిగాడు. టోపీ నీడలో కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను నటుణ్ణమ్మా. ముప్పై ఏళ్ళు చేశాను. రోజూ అదే విషం తాగి, రోజూ అదే చావు చచ్చేవాణ్ణి. ఆశ్చర్యపడమంటే పడేవాణ్ణి కదా." మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. "అడగాల్సింది. ఒక్కరన్నా నన్ను అడగాల్సింది. పిల్లలకి అబద్ధం చెబుతావా అని అడిగితే ఒప్పుకునేవాణ్ణి కాదు. అది వేరే సంగతి."

ఆవిడ పెదవులు కదిలాయి. క్షమించమని అడగడానికి ఇది సమయమని తెలుసు. అడిగితే ఆయన పెద్దమనిషి కాబట్టి సరేలే అంటాడని కూడా తెలుసు. ఆ సరేలే కోసం నోరు రాలేదు.

బస్సు ఆగింది. "తాతయ్యా, మన స్టాపు," అని పిల్ల సీటు దిగింది.

ఆయన లేవలేదు. "ఎన్నయ్యాయి?" అని మనవరాలిని అడిగాడు.

"పన్నెండు."

"కూర్చో. ఆఖరి స్టాపులో దిగి వెనక్కి వద్దాం," అన్నాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇంకా పద్నాలుగున్నాయి. చెప్పమ్మా."